అరచేతిలో అచ్చాఫీసు

జగిత్యాల జిల్లా మల్యాల మండలంలో లంబాడిపల్లి అనే చిన్న ఊరుంది. 2012లో శ్రీరామ్ శ్రీకాంత్ అనే యువకుడు అక్కడ ‘మై విలేజ్ షో’ పేరుతో యూట్యూబ్ ఛానల్ తెరిచాడు. నటులు ఊరివాళ్లే, మాట ఊరి మాటే, సెట్టింగులు ఇళ్ల ముంగిళ్లూ పొలం గట్లూ. బీడీలు చుట్టి, కూలికి పోయి సంసారం ఈదిన గంగవ్వ ఆ వీడియోల్లో తనలాగే మాట్లాడింది, తనలాగే కోప్పడింది, తనలాగే నవ్వింది. 2020లో బిగ్‌బాస్ ఇంట్లో అడుగుపెట్టేనాటికే ఆమె ముఖం తెలుగిళ్లలో సుపరిచితం.

అటు గుంటూరు జిల్లాలో, తెనాలికి దగ్గర్లోని గుడివాడ. నూరేళ్లు పైబడిన మస్తానమ్మ కట్టెల పొయ్యి మీద వంట చేస్తుంటే మునిమనవడూ అతని స్నేహితుడూ వీడియో తీసి, 2016లో ‘కంట్రీ ఫుడ్స్’ ఛానల్‌ మొదలుపెట్టారు. పుచ్చకాయలో కోడిమాంసం వండిన వీడియో దేశాలు దాటింది. 2018 డిసెంబరులో ఆమె కన్నుమూసేనాటికి ఆ ఛానల్‌ సబ్‌స్క్రైబర్లు పది లక్షలు దాటారు.

ఇలాంటి కథలు చూశాక ఎవరికి ఆశ పుట్టదు? టైలరింగ్ వచ్చిన అత్తయ్య, మిరప తోట వేసిన రైతు, డిగ్రీ చదివే కుర్రాడు, రిటైరైన లెక్కల మాస్టారు... అందరి చేతిలోనూ కెమెరా ఉంది, అందరి దగ్గరా చెప్పదగ్గ సంగతి ఒకటైనా ఉంది. మొదలుపెట్టేవాళ్ల సందేహాలు మాత్రం ఎప్పుడూ పనిముట్ల చుట్టూనే తిరుగుతాయి. ఏ ఫోన్ కొనాలి, ఏ యాప్‌లో ఎడిట్ చెయ్యాలి, రోజుకు ఎన్ని రీల్స్ పెట్టాలి, ఏ టైముకి పెడితే ఎక్కువమంది చూస్తారు. అంతకంటే ముందు అడగాల్సింది ఒకటుంది: పెట్టేలోపు దాన్ని సరిచూసేది ఎవరు?

పత్రికలో ఒక వార్త అచ్చు కావాలంటే విలేఖరి రాస్తే సరిపోదు. సబ్‌ఎడిటర్ చదివి, ఈ మాట ఎవరన్నారు, ఈ ఫొటో ఎక్కడిది, ఈ పిల్లాడి పేరు వెయ్యొచ్చా అని అడుగుతారు. అనుమానం తీరకపోతే ఆ వార్త ఆ రోజుకి ఆగిపోతుంది. ఫోన్లో పోస్ట్ బటన్‌కీ లోకానికీ మధ్య అలాంటి మనిషి లేరు. ఒక ఊరి మనిషి పెట్టిన ముక్క సాయంత్రానికి పత్రిక కంటే ఎక్కువమందికి చేరగలదు. అంటే సబ్‌ఎడిటర్ చేసే పని కూడా ఆ పెట్టే మనిషి మీదే పడింది. కొత్తవాళ్లు అలవరచుకోవాల్సినవన్నీ ఈ ఒక్క బాధ్యత నుంచే పుడతాయి.

రెండు బాణాల గుర్తు

2018 వేసవిలో తెలుగు రాష్ట్రాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక వీడియో తిరిగింది. బైక్ మీద వచ్చిన ఇద్దరు రోడ్డు మీద ఆడుకుంటున్న పిల్లాణ్ని ఎత్తుకుపోతారు. పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు దిగాయన్న పుకారు దాంతోపాటే పాకింది. నిజానికది కరాచీలో పిల్లల భద్రత కోసం పనిచేసే ఒక సంస్థ అవగాహన కోసం తీయించిన చిత్రం. చివర్లో ఆ ఇద్దరూ వెనక్కొచ్చి, పిల్లాణ్ని దింపి, హెచ్చరిక రాసిన బోర్డు చూపిస్తారు. ఎవరో ఆ చివరి భాగాన్ని కత్తిరించారు. మిగిలిన ముక్కను లక్షలమంది పంపారు, వాళ్లలో చాలామంది పిల్లలున్న తల్లిదండ్రులే, భయంతోనే పంపారు.

ఆ ఏడాది తెలంగాణలోనూ ఈ అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపారు. జులైలో హైదరాబాద్‌కు చెందిన ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీరు స్నేహితులతో కలిసి కర్ణాటకలోని బీదర్ జిల్లాకు వెళ్లి, దారిలో బడిపిల్లలకు చాక్లెట్లు పంచాడు. వాళ్లు పిల్లల్ని ఎత్తుకెళ్లేవాళ్లని వాట్సాప్‌లో కబురు వెళ్లింది. ముందున్న ఊళ్లో గుంపు అడ్డుకుంది. అతను ప్రాణాలతో ఇంటికి తిరిగి రాలేదు.

జోగులాంబ గద్వాలలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి ఇదే పుకారును మరో దారిలో ఎదుర్కొన్నారు. పోలీసుల్ని ఊరూరికీ పంపారు, డప్పు కొట్టించారు, పాటలు కట్టించారు, వచ్చిన వీడియో నిజమో కాదో మమ్మల్ని అడగండని చెప్పించారు. ఫోన్లో వచ్చిన అబద్ధానికి మనిషి ఎదురుగా వచ్చి జవాబు చెప్పడం అక్కడ పనిచేసింది.

వాట్సాప్ 2018 జులైలో భారత్‌లో ఒక సందేశాన్ని ఒకేసారి 5 చాట్‌లకు మించి ఫార్వర్డ్ చెయ్యకుండా కట్టడి పెట్టింది. 2020 ఏప్రిల్ నుంచి, ఎన్నో చేతులు మారి వచ్చిన సందేశాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలం. అలాంటి వాటిపై రెండు బాణాల గుర్తు ఉంటుంది. దాని అర్థం అబద్ధమని కాదు, ఇది ఎక్కడ పుట్టిందో పంపినవాళ్లకు కూడా తెలిసే అవకాశం తక్కువని. అది కనిపించగానే వేలు ఆగాలి.

ఆగాక చెయ్యాల్సింది కష్టమైన పనేమీ కాదు. వీడియోలో స్పష్టంగా ఉన్న చోట స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో వెతికితే అదే దృశ్యం పాత తేదీతో ఎక్కడైనా ఉందేమో తెలుస్తుంది. దుకాణం బోర్డుల మీది భాష, బండి నంబరు ప్లేటు, జనం వేసుకున్న బట్టలు చాలాసార్లు ఊరూ దేశమూ చెప్పేస్తాయి. హైదరాబాద్ నుంచి పనిచేసే ఫ్యాక్ట్‌లీ లాంటి సంస్థలు తెలుగులోనే నిజనిర్ధారణ కథనాలు ఇస్తున్నాయి. అక్కడా దొరకకపోతే పంపకపోవడమే. పంపనందువల్ల ఎవరికీ ఏ నష్టమూ లేదు.

నిజమైన సమాచారానికీ కాలం చెల్లుతుంది, ఈ సంగతి మాత్రం చాలామంది పట్టించుకోరు. 2021లో కొవిడ్ రెండో ఉద్ధృతి సమయంలో ఆక్సిజన్, ప్లాస్మా కావాలన్న అభ్యర్థనలు అవసరం తీరాక కూడా గ్రూపుల్లో తిరుగుతూనే ఉండేవి. ఆసరా ఇవ్వాలనుకున్నవాళ్లు చెయ్యని ఫోన్ లేదు, అవతల అప్పటికే మనిషి కోలుకునో, కన్నుమూసో ఉండేవారు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచెత్తినప్పుడు సింగ్‌నగర్‌ లాంటి కాలనీల్లో చిక్కుకున్నవాళ్ల సంగతి చెప్పడానికి ఇవే వేదికలు అక్కరకొచ్చాయి. అలాంటి పోస్టు పెట్టేటప్పుడు తేదీ, సమయం, కచ్చితమైన చోటు రాయాలి. సాయం అందగానే ‘అందింది’ అని అదే పోస్టులో చేర్చాలి, లేదా తీసెయ్యాలి. ఈ చిన్న అలవాటు వల్ల ఒక పడవ అవసరమైన ఇంటికే వెళ్తుంది.

లెక్క పెంచుకునే ఆత్రం

2023 నవంబరులో నటి రష్మిక మందన్న లిఫ్ట్‌లోకి వస్తున్నట్టున్న వీడియో దేశమంతా తిరిగింది. అందులో ఉన్నది ఆమె కాదు. బ్రిటన్‌లో ఉండే భారత సంతతి యువతి తన ఖాతాలో పెట్టుకున్న వీడియోకు రష్మిక ముఖం అతికించారు. 2024 జనవరిలో దిల్లీ పోలీసులు గుంటూరు ప్రాంతానికి చెందిన ఒక యువ ఇంజినీరును అరెస్టు చేశారు. పోలీసులు చెప్పిన కారణం ఇదీ: అతను రష్మిక అభిమానుల పేజీ నడుపుతున్నాడు, ఫాలోయర్లు పెరగాలనుకున్నాడు. పెరిగారు కూడా. రెండు వారాల్లో 90 వేల నుంచి 1.08 లక్షలకు. గొడవ పెద్దదయ్యేసరికి వీడియో తీసేసి, పేజీ పేరు మార్చాడు. చెరిపిన ఆనవాళ్లను పోలీసులు తిరిగి బయటకు తీశారు.

పద్దెనిమిది వేలమంది కొత్త ఫాలోయర్లు. చదువుకున్న కుర్రాడు ఆ అంకె కోసం ఒక స్త్రీ పరువును పందెం పెట్టాడు. నిజానికి ఇద్దరు స్త్రీలు, రెండో ఆమె గురించి పెద్దగా ఎవరూ మాట్లాడలేదు.

ఆత్రం ఒక్కొక్కరిని ఒక్కో చోటికి లాగుతుంది. 2024 ఆగస్టులో రాజన్న సిరిసిల్ల జిల్లాలో ఒక యూట్యూబర్ ‘నెమలి కూర’ అంటూ వంట వీడియో పెట్టాడు. నెమలి జాతీయ పక్షి, వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అత్యున్నత రక్షణ ఉన్న జాబితాలోది. కేసు పెట్టి అతన్ని అరెస్టు చేశారు. అదే ఏడాది హైదరాబాద్‌లో రద్దీ రోడ్డు మీద నోట్లు విసురుతూ రీల్ తీసినవాళ్లకూ, అవుటర్ రింగ్ రోడ్డు పక్కన నోట్ల కట్ట విసిరి ఏరుకోమన్నవాళ్లకూ పోలీసు కేసులే మిగిలాయి. చిలకను పంజరంలో పెట్టి జోస్యం చెప్పించే సరదా సన్నివేశం తీసినా ఆ వన్యప్రాణి చట్టమే వర్తిస్తుంది. రామచిలకలు కూడా రక్షిత పక్షులే.

నిదానంగా పెరిగే దారి ఉంది. యూట్యూబ్‌లో ప్రకటనల ఆదాయం రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణం ఉండాలి, షార్ట్స్ అయితే 90 రోజుల్లో కోటి వ్యూస్ రావాలి. ‘నువ్వు నాది సబ్‌స్క్రైబ్ చెయ్యి, నేను నీది చేస్తా’ అనే ఒప్పందాలను యూట్యూబ్ నకిలీ ఆదరణ కిందే లెక్కిస్తుంది. డబ్బిచ్చి కొన్న ఫాలోయర్లు వీడియో చూడరు. చూడనివాళ్లు ఎక్కువైతే ఆ వీడియోను కొత్తవాళ్లకు చూపించడమూ తగ్గిపోతుంది. వారానికి ఒక్కటే పెట్టినా చెప్పిన రోజున పెట్టడం, తెలిసిన విషయమే చెప్పడం, శీర్షిక తెలుగు లిపిలో స్పష్టంగా రాయడం, గాలి హోరు లేకుండా మాట వినపడేలా చూసుకోవడం... మొదటి ఏడాదికి ఇవి చాలు.

అన్నమయ్య కీర్తన ఎవరిది?

కొత్తగా వీడియోలు పెట్టేవాళ్లను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది సంగీతం. పది సెకన్లలోపు వాడుకుంటే తప్పులేదని ఒకరు, వివరణలో ‘క్రెడిట్స్ టు ఓనర్’ అని రాస్తే చాలని ఇంకొకరు చెబుతుంటారు. రెండూ నిజం కావు. 1957 నాటి మన కాపీరైట్ చట్టంలో ‘ఇన్ని సెకన్లు ఉచితం’ అన్న లెక్క ఎక్కడా లేదు.

ఒక ఉదాహరణ తీసుకుంటే చిక్కు విడిపోతుంది. అన్నమయ్య పదిహేనో శతాబ్దపు వాగ్గేయకారుడు. ఆయన సాహిత్యం మీద ఇప్పుడెవరికీ హక్కులు లేవు, ఎవరైనా పాడుకోవచ్చు. అయితే ఈనాడు మనం వింటున్న కీర్తనల్లో చాలావాటికి వరసలు కట్టింది రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ లాంటి మన కాలపు విద్వాంసులు. స్వరకల్పనకు కర్త జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు రక్షణ ఉంటుంది. ఇక ఒక గాయని పాడిన రికార్డింగ్‌ మీద హక్కు దాన్ని విడుదల చేసిన సంస్థది, విడుదలైన నాటి నుంచి 60 ఏళ్లు. మాట స్వేచ్ఛగా దొరుకుతుంది, వరస దొరక్కపోవచ్చు, క్యాసెట్లోంచి తీసిన గొంతు అసలే దొరకదు. జానపదాలకూ ఇదే వర్తిస్తుంది. బతుకమ్మ పాట అమ్మ పాడితే అది అమ్మ గొంతు. ఆల్బమ్‌లోంచి తీసుకుంటే అది కంపెనీ ఆస్తి.

యూట్యూబ్‌లో కాపీరైట్ క్లెయిమ్, స్ట్రైక్ రెండు వేర్వేరు. క్లెయిమ్ సాధారణంగా యంత్రం పట్టుకున్నది. వీడియో ఉండొచ్చు, ఆదాయం మాత్రం పాట హక్కుదారుకు వెళ్తుంది. స్ట్రైక్ అంటే హక్కుదారు చట్టప్రకారం అడిగి వీడియోను తీయించారని. 90 రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే ఛానల్ మూతపడుతుంది. మరీ తేలికైన దారి, యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో ఉచితంగా దొరికే సంగీతం వాడుకోవడం. అంతకంటే మంచిది పక్కింటి పిల్లతో హార్మోనియం వాయింపించి రికార్డు చేసుకోవడం.

ఫొటోలూ అంతే. గూగుల్‌లో కనిపించిందంటే ఉచితమని కాదు. ఇంకొకరి కవిత, ఇంకొకరి కార్టూన్ పేరు కత్తిరించి పెట్టుకోవడం తెలుగు ఫేస్‌బుక్‌లో రోజూ చూసేదే. అడిగితే చాలామంది సంతోషంగా ఇస్తారు, అడగడానికి ఒక్క మెసేజ్ చాలు.

పిల్లలు, బాధితులు, పక్కింటివాళ్లు

2024 జులైలో ఒక తండ్రీ కూతుళ్ల మామూలు వీడియోను పట్టుకుని, ఒక తెలుగు యూట్యూబరూ అతని మిత్రులూ లైవ్‌లో నోటితో చెప్పలేని మాటలన్నారు. నటుడు సాయిదుర్గా తేజ్ దాన్ని బయటపెట్టి, పిల్లల ఫొటోలూ వీడియోలూ పెట్టేముందు ఆలోచించమని తల్లిదండ్రులను వేడుకున్నారు. తెలంగాణ పోలీసులు ఆ యూట్యూబర్‌ను బెంగళూరులో అరెస్టు చేశారు. నేరం ఆ మాటలన్నవాళ్లదే, ఆ తండ్రిది కాదు. అయినా ఆ సంఘటన తర్వాత పిల్లల వీడియోలు అందరికీ కనిపించేలా పెట్టడం గురించి ప్రతి ఇంట్లో ఒకసారి మాట్లాడుకోవాల్సిందే. స్నానాల ఫొటోలు, బడి పేరున్న యూనిఫాం, ట్యూషన్‌కి వెళ్లే సమయం, ఇంటి గేటు ఇవేవీ బయటి లోకానికి అక్కర్లేదు. తాతయ్య, అమ్మమ్మ చూడాలనుకుంటే వాళ్లకే పంపవచ్చు, ఇన్‌స్టాగ్రామ్‌లో ‘క్లోజ్ ఫ్రెండ్స్’ సదుపాయం ఉన్నదే అందుకు. ఏడెనిమిదేళ్లు వచ్చిన పిల్లల్ని ‘పెట్టమంటావా?’ అని అడగాలి. వద్దంటే పెట్టకూడదు.

2019 నవంబరులో శంషాబాద్ దగ్గర ఒక వైద్యురాలిపై అత్యాచారం చేసి చంపిన ఘోరం తర్వాత లక్షలమంది ఆమె పేరూ ఫొటోలూ పంచుకున్నారు. గుండె మండి పెట్టినవే అన్నీ. కానీ అత్యాచార బాధితుల గుర్తింపు బయటపెట్టడం నేరం, బాధితురాలు చనిపోయినా సరే. అందుకే సైబరాబాద్ పోలీసులు ‘దిశ’ అనే పేరు వాడమని కోరాల్సి వచ్చింది. భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద దీనికి రెండేళ్ల దాకా జైలు శిక్ష ఉంది. ఏ కేసులోనైనా న్యాయం అడగడానికి బాధితురాలి ముఖం అవసరం లేదు.

బస్సులో నిద్రపోతున్న మనిషి, బజారులో గొడవపడుతున్న దంపతులు, తాగి పడిపోయిన పెద్దాయన రీళ్లుగా మారుతున్నారు. వాళ్లెవరూ కెమెరాకు ఒప్పుకోలేదు. నవ్వొచ్చినా సరే, అలాంటివి తియ్యకుండా ఉండాలి.

డబ్బు తీసుకుంటే చెప్పాలి

కొంచెం పేరు రాగానే ‘మా వస్తువు గురించి ఒక రీల్ చెయ్యండి’ అంటూ మెసేజ్‌లు మొదలవుతాయి. ఇందులో తప్పేమీ లేదు. దాచడమే తప్పు. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం డబ్బే కానక్కర్లేదు, ఉచితంగా వచ్చిన వస్తువు, హోటల్ బస, తగ్గింపు ఏదైనా సరే, అది ప్రచారమని వెల్లడించాలి. వివరణలో హ్యాష్‌ట్యాగుల గుంపులో దాచకూడదు, వీడియోలోనే చెప్పాలి. ప్రచారం ఏ భాషలో చేస్తే ఆ వెల్లడి కూడా ఆ భాషలోనే ఉండాలి. తెలుగులో చీర అమ్మితే ‘ఇది ప్రకటన’ అని తెలుగులోనే చెప్పాలన్నమాట. తప్పుదోవ పట్టించే ప్రచారానికి వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా పడొచ్చు.

బెట్టింగ్ యాప్‌ల సంగతి ఇంతకంటే చేదు. అప్పుల్లో మునిగి ప్రాణాలు తీసుకున్న కుర్రాళ్ల వార్తలు వస్తుండగానే, వాటికి ప్రచారం చేసిన తెలుగు ముఖాలు తక్కువేమీ కాదు. వీటిపై నాటి తెలంగాణ ఆర్టీసీ ఎండీ సజ్జనార్ సోషల్ మీడియాలోనే ఉద్యమంలా పోరాడారు. 2025 మార్చిలో పంజాగుట్ట, మియాపూర్ పోలీస్ స్టేషన్లలో ఇన్‌ఫ్లుయెన్సర్లు, నటుల మీద కేసులు నమోదయ్యాయి. ఆ ఆగస్టులో కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆటలను నిషేధించి, వాటికి ప్రచారం చేసేవాళ్లకు రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా పెట్టింది. చట్టం రాకముందైనా ప్రశ్న ఒక్కటే. నన్ను నమ్మి చూసే పదోతరగతి పిల్లాడు ఈ లింకు నొక్కితే ఏమవుతాడు? జవాబు తెలిసీ డబ్బు తీసుకున్నవాళ్లను క్షమించడం కష్టం.

తాళం సంగతి

‘మీతో కలిసి పనిచెయ్యాలనుకుంటున్నాం, వివరాలు జతచేసిన ఫైల్లో ఉన్నాయి’ అంటూ వచ్చే మెయిళ్లలో కొన్ని ఖాతాను దోచుకోవడానికే వస్తాయి. ఫైల్ తెరవగానే బ్రౌజర్లో లాగిన్ అయి ఉన్న ఆనవాలును దొంగిలిస్తాయి, ఇక పాస్‌వర్డ్‌తో పనే లేదు. 2023 మార్చిలో కోటిన్నర మందికి పైగా అనుసరించే కెనడా ఛానల్ లైనస్ టెక్ టిప్స్ ఇలాగే దొంగల చేతికి వెళ్లింది, వాళ్ల పనే కంప్యూటర్ల గురించి చెప్పడం. 2024 సెప్టెంబరులో మన సుప్రీంకోర్టు యూట్యూబ్ ఛానల్ కూడా హ్యాక్ అయి, కాసేపు క్రిప్టో కరెన్సీ వీడియో చూపించింది. ‘మీ ఖాతాపై కాపీరైట్ ఫిర్యాదు వచ్చింది, 24 గంటల్లో ఈ లింకులో లాగిన్ అవ్వండి’ అని ఇన్‌స్టాగ్రామ్‌లో వచ్చేవీ ఎక్కువగా మోసాలే. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదు, రెండంచెల భద్రత తప్పకుండా పెట్టుకోవాలి, దాని బ్యాకప్ కోడ్లు కాగితం మీద రాసి ఇంట్లో దాచాలి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చెయ్యాలి.

ఖాతా దొంగల చేతికి పోకపోయినా, ఒక్కోసారి వేదికే మాయం కావచ్చు. 2020 జూన్ 29న కేంద్రం 59 చైనా యాప్‌లను నిషేధించింది. వాటిలో టిక్‌టాక్ ఒకటి. గోదావరి జిల్లాల నుంచి ఆదిలాబాద్ దాకా ఎంతోమంది కూలీలు, చిన్న ఉద్యోగులు, గృహిణులు అక్కడ లక్షలాది అభిమానుల్ని సంపాదించుకున్నారు. ఒక్క రాత్రిలో ఆ అభిమానులు వాళ్లకు దూరమయ్యారు. అప్పటికే యూట్యూబ్‌లోనూ ఖాతా తెరిచి, అసలు వీడియోలు సొంతంగా దాచుకున్నవాళ్లు కొద్ది నెలల్లో నిలదొక్కుకున్నారు. యాప్‌లోనే తీసి, యాప్‌లోనే వదిలేసినవాళ్లు మళ్లీ మొదటి వీడియో నుంచి మొదలుపెట్టారు. అందుకే తీసిన ప్రతి వీడియో అసలు ప్రతి ఒక హార్డ్‌డిస్క్‌లోనో, మెమరీ కార్డులోనో తేదీ, పేరుతో దాచుకోవాలి. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్, యూట్యూబ్ మూడింట్లోనూ పెట్టినదంతా ఒకేసారి దించుకునే సదుపాయం సెట్టింగుల్లోనే ఉంది.